కర్టెన్ కొనేముందు పడమర ఎటో చూడండి

ఫ్లాట్ కొనేటప్పుడు మనం అడిగే మొదటి ప్రశ్న ఫేసింగ్ ఏమిటని. పొయ్యి ఆగ్నేయంలో పడిందా, పెద్ద పడకగది నైరుతిలో ఉందా అని ప్లాన్ కాగితం మీద దిక్కులు గీయించి మరీ చూసుకుంటాం. అంత పట్టింపు ఉన్న మనమే గృహప్రవేశానికి పది రోజుల ముందు కర్టెన్ల షాపులో కూర్చుని శాంపిల్ పుస్తకం తిరగేసేటప్పుడు, ఏ కిటికీ ఎటువైపు ఉందో ఒక్కసారి కూడా తలుచుకోం. సోఫా రంగుకి ఏది కలుస్తుంది, ఇన్‌స్టాలో ఈమధ్య ఏది ఎక్కువ కనిపిస్తోంది, అంతే. ఆరు కిటికీలకీ ఒకటే గుడ్డ, ఒకటే రంగు. హైదరాబాద్, విజయవాడ లాంటి ఊళ్లలో ఇంటి అలంకరణ పేరుతో మనం చేసే పెద్ద పొరపాటు ఇదేనని నా అభిప్రాయం.

ఫ్యాషన్ల సంగతి అందరికీ తెలిసిందే. మెరూన్ మీద బంగారు పూలు, పైన పెల్మెట్, పక్కన కుచ్చులు వేలాడే రోజులు పోయాయి. క్రష్ కర్టెన్లు వచ్చి పోయాయి. తర్వాత ఇల్లంతా గ్రే అయింది. ఇప్పుడు పల్చని, మందపాటి అడ్డపట్టీలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చే జీబ్రా బ్లైండ్స్, లేదంటే జపాన్, స్కాండినేవియా శైలులు కలిపి జపాండీ అని పేరు పెట్టిన లేత గోధుమరంగు ‘లినెన్ లుక్’. ఆ లుక్ అన్న మాట గమనించండి. లేబుల్ తిప్పి చూస్తే చాలాసార్లు అది పాలియెస్టరే. ఈ ఫ్యాషన్లలో చాలావరకు మన ఎండ ఎరగని దేశాల్లో పుట్టినవే. ఏడాదిలో సగం రోజులు వెలుతురు కోసం మొహం వాచిపోయే చోట ఇంటికి పెద్ద గాజు పలక, దానికి పల్చని తెర సరిపోతాయి. మనకి వెలుతురు కొదవ లేదు. మన బాధంతా వేడితోనే.

మన ఎండ లెక్క సులువైనది. హైదరాబాద్ భూమధ్యరేఖకు 17 డిగ్రీలకు పైచిలుకు ఉత్తరాన ఉంది. మే రెండో వారానికల్లా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వచ్చేస్తాడు. కాబట్టి నడివేసవిలో దక్షిణం కిటికీలోకి ఎండ దాదాపు దూరదు, పైన చిన్న సజ్జ ఉంటే చాలు. చలికాలంలో అదే కిటికీలోంచి ఏటవాలుగా ఎండ వస్తుంది, అది హాయి, రానివ్వాలి. ఉత్తరం కిటికీ వెలుతురు రోజంతా మెత్తగా ఉంటుంది. దానికి బ్లాకవుట్, అంటే వెలుతురుని పూర్తిగా ఆపే కర్టెన్, తగిలిస్తే పట్టపగలు లైటు వేసుకోవాల్సిందే. తూర్పు ఎండ ఉదయం కాసేపు కొట్టి, పొద్దెక్కేకొద్దీ పైకి పోతుంది. కష్టమంతా పడమటి కిటికీతోనే. మూడింటి నుంచి పొద్దుగూకేదాకా సూర్యుడు కిందికి దిగి, ఎదురుగా నిలబడి నేరుగా గదిలోకి కొడతాడు. ఆ ఎండ పైనుంచి రాదు కాబట్టి సజ్జ దాన్ని ఆపలేదు. అప్పటికే గాలి కాగి ఉంటుంది, గోడ కాగి ఉంటుంది. ఆ పైన ఈ దెబ్బ.

ఇలా చూస్తే ఆరు కిటికీల ఇంట్లో అసలు ఖర్చు, అసలు ఆలోచన కావాల్సింది ఒకటి రెండు కిటికీలకే. మిగతావాటికి గాలి ఆడే ఏ గుడ్డయినా సరిపోతుంది.

ఆ పడమటి కిటికీకి లోపల ఎంత మందం బ్లాకవుట్ వేసినా పని సగమే అవుతుంది. గాజు ఎండని లోపలికి రానిస్తుంది. ఆ ఎండకి కర్టెన్ కాగుతుంది. కాగిన గుడ్డ వదిలే వేడిని మాత్రం గాజు మళ్లీ బయటికి పోనివ్వదు. అద్దాలన్నీ మూసి ఎండలో నిలిపిన కారు తలుపు తీసినప్పుడు మొహాన కొట్టేది ఈ వేడే. వెనక తెల్ల లైనింగ్ ఉంటే కొంత వెలుతురు వెనక్కి పోతుంది, ముదురు రంగు అయితే ఆ కాస్తా ఉండదు. వానలో తడిసి ఇంట్లోకి వచ్చాక గొడుగు తెరిచినట్టు ఉంటుంది ఈ వ్యవహారం. ఎండని ఆపాల్సింది గాజుకి అవతల.

నేను ఈ పాఠం డబ్బులిచ్చి నేర్చుకున్నాను. మా పడకగది పడమర వైపు. ఒక షాపువాళ్లు ‘వేడి అసలు లోపలికి రాదు సార్’ అని చెప్పి ముదురు గ్రే బ్లాకవుట్ రోలర్ బ్లైండ్ అమ్మారు. ఏప్రిల్లో సాయంత్రం నాలుగింటికి దాని మీద చెయ్యి పెడితే ఇస్త్రీ చేసి పక్కన పెట్టిన బట్టలా ఉండేది. గది చీకటిగా ఉండేది, వేడిగానూ ఉండేది. రెండో వేసవికి వెనక పూత పొరలు పొరలుగా రాలింది. ఆ కిటికీకి ఆనుకుని ఉన్న చిన్న బాల్కనీ అంచున, గ్రిల్‌కి లోపలివైపు, చుట్టి పైకి లాగే వెదురు పుల్లల తెర, అదే చిక్, కట్టించాను. గాజు మీద ఎండ పడటం ఆగిపోయింది. అప్పటి నుంచి ఆ గదిలో ఏసీ ఆరింటికి వేసే అవసరం తప్పింది, పడుకునేముందు వేస్తే సరిపోతోంది.

కృష్ణా జిల్లాలో మా అమ్మమ్మగారింట్లో ఇది ఎవరికీ ప్రత్యేకంగా చెప్పాల్సిన పని లేని సంగతి. పడమటి వసారాకి మార్చి నెలలోనే వట్టివేళ్ల తడికెలు దిగేవి. మధ్యాహ్నం భోజనాలయ్యాక వాటి మీద నీళ్లు చల్లేవాళ్లు. వడగాలి ఆ తడిలోంచి వస్తూ చల్లబడి, వట్టివేళ్ల వాసనతో లోపలికి వచ్చేది. దిగువకి వాలిన చూరు, లోతైన వసారా, మధ్యలో మండువా. ఆ ఇంటి అందమంతా ఎండని గోడ దాకా రానివ్వకుండా ఆపిన పద్ధతిలోంచి పుట్టింది.

ఇది పాతకాలం మీద మమకారంతో చెబుతున్న మాట కాదు. కేంద్రంలోని ఇంధన సామర్థ్య బ్యూరో 2018లో ఇళ్ల కోసం ఎకో నివాస్ సంహిత అనే కోడ్ తెచ్చింది. గోడలు, కిటికీల గుండా ఇంట్లోకి వచ్చే వేడి చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదని అందులో ఉంది. ఆ లెక్కలో కిటికీ బయట ఉన్న సజ్జకీ, పక్క రెక్కలకీ విలువ కడతారు, లోపల వేలాడే కర్టెన్‌ని అసలు లెక్కలోకే తీసుకోరు. తెలంగాణ 2023లో ఇళ్ల కప్పులు ఎండకి కాగకుండా చూసే కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, మంచి పని. కానీ పన్నెండు అంతస్తుల భవనంలో ఆరో అంతస్తు ఫ్లాట్‌కి కప్పు అంటే పైవాళ్ల నేల. అక్కడ ఎండ దూరే దారి కిటికీయే. ఎలివేషన్, అంటే భవనం బయటి రూపు, చెడిపోతుందని బాల్కనీలో చిక్ కట్టనివ్వని అపార్ట్‌మెంట్ సంఘాలు ఈ సంగతి ఆలోచించాలి. అందరికీ ఒకే రంగు, ఒకే సైజు అని నియమం పెట్టి అనుమతిస్తే ఎలివేషన్‌కి వచ్చే నష్టమేమీ లేదు.

ఎండ బయటే ఆగిందనుకోండి. అప్పుడు లోపలి గుడ్డకి మిగిలే పని చాలా తేలిక. ఎదురింటివాళ్ల చూపు ఆపాలి, వెలుతురుని మెత్తబరచాలి, సాయంత్రం గాలిని రానివ్వాలి. నెలకోసారి విప్పి ఉతుక్కునేలా ఉండాలి, ఎందుకంటే పక్కన ఎప్పుడూ ఏదో ఒక బిల్డింగ్ లేస్తూనే ఉంటుంది. జీబ్రా బ్లైండ్ పొరల మధ్య కూర్చున్న దుమ్ముని తుడవడం ఎంత విసుగో వాటిని కొన్నవాళ్లకి తెలుసు. ఈ పనులన్నిటికీ నూలు గుడ్డని మించింది లేదు. మన రెండు రాష్ట్రాల్లో ఆ నూలు గుడ్డ నేసే మగ్గాలు ఇంకా ఆడుతున్నాయి. నేను ఇంతదూరం వచ్చింది ఈ మాట కోసమే.

పదిహేడో శతాబ్దంలో మచిలీపట్నం రేవు నుంచి, కోరమాండల్ తీరం పొడుగునా, మన అద్దకం బట్టలు ఓడలెక్కి ఐరోపా వెళ్లాయి. అక్కడ వాటిని ముందు వాడింది ఇంటి అలంకరణకే. మంచం చుట్టూ తెరలు, గోడ తెరలు, పరుపుల మీద కప్పే బట్టలు. చింట్జ్ అని వాళ్లు పిలిచిన ఆ బట్ట మీద మోజు ఎంత పెరిగిందంటే, తమ నేతగాళ్ల పొట్ట కొడుతోందని ఫ్రాన్స్ 1686లో దాన్ని నిషేధించి 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండ్ 1721లో అద్దకం నూలు బట్టని కట్టుకోవడమే కాదు, ఇంటి సామాను మీద వాడటం కూడా తప్పని చట్టం చేసింది. చట్టం పెట్టి ఆపాల్సి వచ్చినంత బలంగా లోకపు కిటికీలనీ మంచాలనీ కమ్మేసిన బట్ట మన తీరానిది. ఇవాళ ఆ తీరం మీదున్న ఊళ్లలోనే మన కిటికీలకి పాలియెస్టర్ వేలాడుతోంది.

2009-10 చేనేత గణనలో దేశంలో 43.31 లక్షల మంది నేత, అనుబంధ పనివాళ్లు ఉన్నారు. 2019-20 గణనకి ఆ సంఖ్య 35.22 లక్షలు. దీనికి కారణాలు చాలా ఉన్నాయి, నూలు ధర నుంచి మరమగ్గం దాకా. కానీ కొనేవాళ్లుగా మన తప్పు ఒకటుంది. చేనేత అంటే మనకి చీరే. పెళ్లికో పండక్కో కట్టే పట్టుచీర ఏడాదికి రెండుసార్లు బీరువాలోంచి బయటికి వస్తుంది. కర్టెన్ 365 రోజులూ కళ్లముందు ఉంటుంది, ఎండకి మాసి కొన్నేళ్లకి మార్చాల్సి వస్తుంది, అంటే మగ్గానికి మళ్లీ పని. లెక్క చూడండి. నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల ఎత్తు కిటికీకి మంచి కుచ్చిళ్లతో రెండు ప్యానెళ్లు కావాలంటే నాలుగు మీటర్ల దాకా బట్ట పడుతుంది. ఆరు కిటికీలకి 24 మీటర్లు. నాలుగు చీరల బట్టకి పైనే, ఒక్క ఇంటికి. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం కింద ఇప్పటికీ మగ్గానికే కేటాయించిన 11 రకాల జాబితాలో చీరలు, ధోవతులతో పాటు దుప్పట్లు, ఫర్నిషింగ్ బట్ట కూడా ఉన్నాయి. చట్టం చీర దాటి చూసింది, మనమే చూడలేదు.

చేనేత కర్టెన్ వద్దనేవాళ్ల కారణాలు నాకు తెలుసు. ధర ఎక్కువ, ఉతికితే కుంచించుకుపోతుంది, పడమటి ఎండకి రంగు వెలుస్తుంది, నైట్ షిఫ్ట్ చేసి వచ్చినవాళ్లకి పగలు చీకటి కావాలి. అన్నీ నిజాలే. చీకటి కావాల్సిన ఒక్క గదికి వెనక బ్లాకవుట్ లైనింగ్ విడిగా వేయించుకోవచ్చు. గుడ్డని కత్తిరించేముందే ఒకసారి నీళ్లలో నానబెట్టి ఆరేస్తే కుంచించుకుపోయేదంతా అప్పుడే పోతుంది. పడమటికి సహజ రంగుల బట్ట వేయకండి, తెలుపు వేయండి. ధర విషయానికొస్తే, ఇంటీరియర్ పని కొటేషన్‌లో మోటార్ బ్లైండ్స్‌కి సరేనన్నవాళ్లు మీటరు నూలు గుడ్డ దగ్గర బేరమాడటం న్యాయం కాదు.

ఈ మధ్య ఒక చేనేత షోరూమ్‌కి వెళ్లి కర్టెన్ బట్ట అడిగాను. కౌంటర్లో అబ్బాయి కాసేపు వెతికి, ‘కర్టెన్లు లేవు సార్, దుప్పట్లున్నాయి’ అన్నాడు. 90 అంగుళాల వెడల్పు, 108 అంగుళాల పొడవున్న పోచంపల్లి ఇక్కత్ డబుల్ దుప్పటి తీసుకున్నాను. నిలువునా మధ్యకి కత్తిరిస్తే 45 అంగుళాల ప్యానెళ్లు రెండు, తొమ్మిదడుగుల ఎత్తువి. మా ఉత్తరం బాల్కనీ తలుపుకి అవి సరిగ్గా సరిపోయాయి. కుట్టిన టైలర్ ఐలెట్లు వేస్తూ, ఈ డిజైన్ ఏ కంపెనీది అని అడిగాడు. పాత నూలు చీరలున్న ఇళ్లలో అయితే కొనే పని కూడా లేదు. ఐదున్నర మీటర్ల చీరని సగానికి కత్తిరిస్తే ఒక తలుపుకి సరిపోయే జత.

ఆగస్టు 7ని 2015 నుంచి జాతీయ చేనేత దినోత్సవంగా జరుపుకుంటున్నాం. వచ్చే ఆగస్టు 7 నాటికి చేనేత సహకార సంఘాల షోరూముల్లో చీరల అర పక్కన ఒక్క అర ఖాళీ చేయించండి. 54 అంగుళాల పన్నా (బట్ట వెడల్పు), మూడు నాలుగు సాదా రంగులు, అంచుకి మాత్రం ఇక్కత్. ఐదు, ఏడు, తొమ్మిది అడుగుల కొలతల్లో ముందే ఉతికి, కుట్టి, ఐలెట్లు వేసి, కుట్టుకూలి కలిపిన ధర చీటీ మీద రాసి పెట్టండి. మొదటి ఆర్డర్ నాది రాసుకోండి: పడమటి గదికి ఒక జత, తొమ్మిదడుగులవి, తెలుపు.