మా గట్టు ఎడిషన్ ఒక్కటే

మా బావమరిది బెంగళూరు నుంచి ఒక పటం తెచ్చి కడపలో మా హాల్లో మేకు కొట్టి తగిలించాడు. తెల్ల కాగితం, నడిమధ్య నల్ల చదరం. ఒక మూల కొంచెం ఒరిగింది. ఆ ఒరగడంలోనే ఉందట అసలు సంగతి. ‘అబ్‌స్ట్రాక్ట్ లిథోగ్రాఫ్ బావా’ అంటూ ధర చెప్పాడు. మా అమ్మ మెల్లగా కుర్చీలో కూచుంది.

“ఇందులో ఏముంది నాయనా?”

“కనిపించేదే ఉందత్తా. అంతకు మించి ఏమీ లేదు.” (ఈ మాట మావాడి సొంతం కాదు. అమెరికా చిత్రకారుడు ఫ్రాంక్ స్టెల్లా 1960ల్లోనే అనేశాడు.)

“ఏమీ లేనిదానికి అన్ని దుడ్లు యాల పెట్టినావ్?”

కళాభిమానిగా నేను అమ్మ పక్షం చేరలేను. కానీ కడప వాడిగా నా అభ్యంతరం నాకుంది. మా వంటింట్లో ఆరడుగుల నల్లబండ, గీతా బొమ్మా లేకుండా, 30 ఏళ్లుగా పడి ఉంది. గట్టు అని పిలుచుకుంటూ దానిమీద ఎర్రగడ్డలు కోసుకుంటున్నాం. 1915లో చిత్రకారుడు మాలెవిచ్ తన నల్ల చదరాన్ని, రష్యన్లు ఇంట్లో దేవుడి పటాలు పెట్టుకునే మూలన తగిలించాడు. మేం గ్యాస్ స్టవ్ కింద పెట్టాం. వీలైనంత తగ్గించి సాదాగా చేసే ‘మినిమల్’ కళ శిల్పి డొనాల్డ్ జడ్, చేతి గుర్తు పడకూడదని తన పెట్టెల్ని ఫ్యాక్టరీలో చేయించాడు. మా బండనూ ఎర్రగుంట్లలో మెషినే నున్నగా చేసింది. పరిచిన బేల్దారి సంతకం కూడా పెట్టలేదు.

పైగా లిథోగ్రాఫ్ అంటేనే రాతి అచ్చు. 1796 నాటి మాట. జర్మనీలోని బవేరియాలో సెనెఫెల్డర్ అనే నాటకాలాయన చవకగా అచ్చేసే దారి వెతుకుతున్నాడు. వాళ్లమ్మ ఉతుకు బట్టల పద్దు రాయమంటే, కాగితం దొరక్క సున్నపురాయి మీద జిడ్డు సిరాతో రాశాడట. తర్వాత తేలిన కిటుకు చిన్నదే. జిడ్డున్న చోట నీళ్లు నిలవవు, సిరా పడుతుంది. తడి ఉన్న చోట సిరా అంటదు.

మా గట్టూ సున్నపురాయే. శనగనూనె గిన్నె పెట్టే చోట గుండ్రటి మరక ఉంది. తడిగుడ్డతో తుడిస్తే చుట్టుపక్కలంతా తడుస్తుంది, అది మాత్రం తడవదు. పక్కనే నిమ్మచెక్క బోర్లించిన చోట తెల్లమచ్చ. లిథో వాళ్లు రాయికి గోందులో కాస్త నైట్రిక్ ఆసిడ్ కలిపి పూస్తారు. అమ్మ చిత్రాన్నానికి పిండిన చెక్కతో సరిపెట్టింది. మావాడి పటం అడుగున పెన్సిల్‌తో 17/50 అని ఉంది, అంటే 50 ప్రతుల ఎడిషన్‌లో ఇది 17వది, ఊళ్ల మీద ఇలాంటివి ఇంకో 49. మా గట్టు ఒక్కటే.

ఈ ధైర్యంతోనే ఇటుకల దాకా వెళ్లాను. ఆ మినిమల్ దారిలోనే కార్ల్ ఆండ్రే అనే శిల్పి 1966లో 120 ఇటుకలు రెండు వరసల ఎత్తున పేర్చి శిల్పమన్నాడు. లండన్ టేట్ గ్యాలరీ 1972లో కొనింది. జనం డబ్బు ఇటుకల పాలైందని 1976లో అక్కడి పేపర్లు గోల చేశాయి. మా వీధి మలుపులోనూ, అన్నదమ్ముల గోడ పంచాయితీ తేలక, ఒక కుప్ప మూడేళ్లుగా ఉంది. పోయిన వారం లెక్కపెడితే 140. నిన్న పొద్దున సరిగ్గా 120! ఉరుకులతో పోయి బావమరిదిని పిలుచుకొచ్చేసరికి ఇంకో 11 లేవు. ఎవరో గాని, కళను రోజురోజుకూ మరింత మినిమల్ చేస్తున్నారు.