నలభై మూడు రూపాయల బాకీ

గుంటూరు మిర్చి యార్డులో లక్షల రూపాయల సరుకు తెల్లవారి దిగి సాయంత్రానికి చేతులు మారిపోతుంది. అంతటి తొందరపాటు విద్యాధికులకు తగదు కనుక, మా విశ్వవిద్యాలయ ప్రాజెక్టుల విభాగంలో ఒక ఫైలు పక్క బల్ల మీదికి చేరడానికి వారం పడుతుంది. అందులో ఒక బల్ల నాది.

మొన్న గ్రాంటు ఇచ్చే ఢిల్లీ ఆఫీసు నుంచి ఒక కొర్రీ వచ్చింది. ఒక ప్రాజెక్టు ఖాతాలో మిగిలిన మూడు వేల చిల్లర మీద బ్యాంకు ఆరు నెలలకు 43 రూపాయల వడ్డీ వేసింది. 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళి ప్రకారం గ్రాంటు మీద వచ్చే వడ్డీ భారత సంచిత నిధికి, అంటే కేంద్ర ఖజానాకు చేరాలి కాబట్టి, అది చేరేదాకా గ్రాంటులో తరువాతి వాయిదా సొమ్ము విడుదల కాదట. నియమంతో నాకు పేచీ లేదు. ఈ 43 రూపాయలు అందక సంచిత నిధి ఎంత బెంగ పెట్టుకుందోనని వెంటనే నోట్ పెట్టాను.

'వడ్డీ రూ.43 జమ చేయుటకు అనుమతి నిమిత్తం సమర్పించడమైనది' అన్న ఆ నోట్ మీద సూపరింటెండెంటు గారు పొట్టి సంతకం చేశారు. అసిస్టెంట్ రిజిస్ట్రార్ గారు ఏ పద్దు కింద అని అడిగారు. ఫైనాన్స్ ఆఫీసరు గారు ఆకుపచ్చ సిరాతో 'చర్చించండి' అని రాయగా ఆరుగురం కూర్చుని చర్చించాం. ఆ చర్చకు తెప్పించిన టీ, సమోసాల బిల్లు 43 రూపాయలకు మూడింతలు దాటింది, దానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేకపోయింది. అనుమతి పంతొమ్మిదో రోజున వచ్చింది. కేంద్ర ప్రభుత్వానికి ఆన్‌లైన్‌లో సొమ్ము కట్టే భారత్‌కోష్‌లో డబ్బు కట్టడానికి రెండు నిమిషాలు పట్టింది. రశీదు జతచేసి, గ్రాంటు దేనికిచ్చారో దానికే వాడామని చెప్పే వినియోగ ధ్రువపత్రం 12-ఏ నమూనాలో మళ్లీ తయారు చేసి, బ్రాడీపేటలోని ఆడిటరు గారి చేత ముద్ర వేయించి పంపితే, ఆయన యూడిన్, అంటే ఆడిటరు తాను ధ్రువీకరించిన పత్రం మీద వేయాల్సిన గుర్తింపు సంఖ్య, వేయలేదని అది తిరుగు టపాలో వచ్చింది.

ఈ లోపల ఆ ప్రాజెక్టులో పనిచేసే అమ్మాయికి ఎనిమిది నెలలుగా ఫెలోషిప్ లేదు. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, నెలకు 37,000 రూపాయలు, కాగితం మీద. సాయంత్రాలు అరండల్‌పేటలో ట్యూషన్లు చెప్పి మెస్ బిల్లు కట్టుకుంటోంది. "ఆ నలభై మూడూ నేనే కట్టేస్తాను సార్" అని ఒకనాడు అడిగింది. ప్రైవేటు సొమ్ము స్వీకరించే వీలు లేదని నిబంధన చూపించాను. జీతం రెండు రోజులు ఆలస్యమైతే నల్ల బ్యాడ్జీలు కట్టుకునే వాళ్లం మేము. ఆ పిల్ల ఎనిమిది నెలల ఆకలికి మా బల్లల మీద ఒక్క కాగితం అంగుళం జరగలేదు. ఏ నియమావళిలో ఉంది, పని చేయించుకుని కూలి ఎగ్గొట్టమని? పొలంలో కూలికి ఇలా చేస్తే ఊరు ఊరుకుంటుందా? ప్రతి సోమవారం వచ్చి నిలబడితే "ప్రాసెస్‌లో ఉందమ్మా" అంటాను. ఆ మాట అన్న నోటితోనే ఇంటికి వెళ్లి అన్నం తింటున్నాను.

యూడిన్ వేయించి ధ్రువపత్రం శుక్రవారం మళ్లీ పంపాను. శనివారం పాసుబుక్కు ముద్రించుకుని వస్తే, గడిచిన త్రైమాసికానికి బ్యాంకు మరో 22 రూపాయల వడ్డీ వేసి ఉంది. నోట్ తయారవుతోంది. ఎల్లుండి సోమవారం.