ఐస్ పుల్లల రామప్పకు భౌగోళిక గుర్తింపు ఇవ్వాలి

చేర్యాల నకాషీ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు, అంటే ఒక ప్రాంతానికే ప్రత్యేకమైన వస్తువుకు ఇచ్చే జీఐ ట్యాగ్, ఉన్నది. పెంబర్తి ఇత్తడి పనికి ఉన్నది, నిర్మల్ కొయ్యబొమ్మలకు ఉన్నది, కరీంనగర్ వెండి తీగపనికి ఉన్నది. కొత్తవాడ మగ్గాల మీద నేసే వరంగల్ దర్రీలకు 2018లో వచ్చింది. చివరకు చేనులో కాసే చపాట మిర్చికి సైతం 2025లో ఆ గౌరవం దక్కింది. హన్మకొండ నుంచి హుజూరాబాద్ దాకా, చదువుకునే పిల్లలున్న ప్రతి ఇంట్లో బడి ప్రాజెక్టు పేరిట ఆదివారం రాత్రి భోజనాల తర్వాత మొదలై సోమవారం తెల్లవారేదాకా సాగే మహత్తరమైన హస్తకళను మాత్రం ఇంతవరకు ఏ ప్రభుత్వమూ పట్టించుకోలేదు. సృజనాత్మక తల్లిదండ్రులు తమ పిల్లల పేరు మీద, ఇంట్లోనే, సులువుగా తయారుచేసే బొమ్మలకూ నమూనాలకూ తినుబండారాలకూ జరుగుతున్న ఈ అన్యాయాన్ని సరిదిద్దవలసిన సమయం వచ్చిందని మనవి.

దరఖాస్తు రాయడం కష్టమేమీ కాదు. 1999 నాటి చట్టం ప్రకారం చెన్నైలోని రిజిస్ట్రీకి దరఖాస్తు పెట్టేవారు ఆ వస్తువు ఏ ప్రాంతంలో పుట్టిందో, ముడిసరుకు ఏమిటో, తయారీ పద్ధతి ఎట్లాంటిదో, అందులో మనిషి నేర్పు ఎంతో వివరించాలి. ప్రాంతం విషయంలో మనకు వివాదమే లేదు: హాల్లో సోఫాకూ టీవీకీ నడుమ ఉన్న ఆరడుగుల నేల. ముడిసరుకు: ఐస్ పుల్లలు, థర్మాకోల్ షీట్లు, రంగు చార్టులు, మెరుపు కాగితం, ఫెవికాల్, గ్లూ గన్, తండ్రి బొటనవేలి మీది చర్మం. మనిషి నేర్పు అన్నచోట తల్లి, తండ్రి, సెలవుకు వచ్చి ఇరుక్కుపోయిన మేనమామ అని రాయాలి. పిల్లవాడి పేరు అక్కడ రాయడానికి చట్టం ఒప్పుకోదు, ఎందుకంటే తయారీ జరుగుతున్న సమయమంతా అతడు పక్కగదిలో దుప్పటి కప్పుకొని పడుకొని ఉంటాడు.

ఈ కళ పుట్టే క్షణాన్ని దగ్గర నుంచి చూసినవారికి దాని గాంభీర్యం తెలుస్తుంది. అన్నాలు తిని, గిన్నెలు సింకులో వేసి, రేపటి యూనిఫాం ఇస్త్రీ అయిందో లేదో చూసుకునే వేళకు నాలుగో తరగతి పిల్లవాడు టీవీ మీద నుంచి చూపు తిప్పకుండానే, “డాడీ, రేపు రామప్ప గుడి తీస్కపోవాలె, టీచర్ చెప్పింది” అని ప్రకటిస్తాడు. ఎప్పుడు చెప్పిందంటే మొన్న బుధవారం అంటాడు. తండ్రి మారుమాట్లాడకుండా బండి తాళం తీసుకుంటాడు. చౌరస్తాలో సగం దించిన షట్టర్ వెనుక స్టేషనరీ దుకాణదారు అప్పటికే పుల్లల కట్టలను కౌంటరు మీద పేర్చుకొని కూర్చొని ఉంటాడు. ఏ బడిలో ఏ తరగతికి ఏ ప్రాజెక్టు ఇచ్చారో విద్యాశాఖ కన్నా ఆయనకే ముందు తెలుస్తుంది. “రామప్పనా సార్, వెయ్యి స్తంభాలా?” అని ఒక్కటే అడుగుతాడు. వెయ్యి స్తంభాల గుడి అంటే ఆయన ముఖం విప్పారుతుంది, పుల్లలు ఎక్కువ పోతాయి కనుక.

ఇంటికి వచ్చేసరికి నాయనమ్మ నుంచి మొదటి అభ్యంతరం వస్తుంది. “పొద్దుగూకినంక గుడి కట్టుడేందిరా కొడుకా, పిలగానికే నాలుగు పుల్లలియ్యరాదు, వానికచ్చినట్టు వాడు కట్టుకుంటడు” అని ఆమె అంటుంది. ఇట్లాంటి అభివృద్ధి నిరోధక ఆలోచనల వల్లనే మన కళలు వెనుకబడి ఉన్నాయని చెప్పక తప్పదు. పిల్లవాడికి వచ్చినట్టు కడితే శిఖరం ఒక పక్కకు ఒరుగుతుంది, నంది కుక్కలాగా కనిపిస్తుంది, ఫెవికాల్ మోచేతుల దాకా అంటుకుంటుంది. అటువంటి నమూనాను బడిలో వెనుక బల్ల మీద, చీపుళ్ళ పక్కన పెడతారు. పూర్తిగా తన చేతులతోనే కట్టుకొచ్చిన పిల్లకు సి గ్రేడు వచ్చిన సందర్భాలు ప్రతి బడిలోనూ ఉంటాయి. ఇంజినీరు తండ్రి ఉన్న పిల్లవాడికి ఏ ప్లస్ వస్తుంది. మూల్యాంకనంలో ఇంత నిష్పక్షపాతం మరే పరీక్షలోనూ కనిపించదు, ఎందుకంటే అక్కడ దిద్దేవారికి రాసినవారెవరో తెలియదు, ఇక్కడ అందరికీ తెలుసు.

చరిత్రతో పోల్చి చూస్తే మన ఘనత ఇంకా స్పష్టమవుతుంది. పాలంపేటలో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన అసలు గుడి 1213 నాటిదని శాసనం చెబుతున్నది, పని నలభై ఏళ్ళు సాగిందని అంటారు. మన గుడి ఒక్క రాత్రిలో లేస్తుంది. అక్కడ పునాదిలో ఇసుక నింపి దాని మీద రాతిని నిలబెట్టారు, ఇక్కడ పాత బూట్ల డబ్బా మీద నిలబెడతాము. అక్కడ శిఖరానికి నీళ్ళలో తేలే ఇటుకలు వాడారని పండితులు ఇప్పటికీ ఆశ్చర్యపోతారు. థర్మాకోల్ కూడా తేలుతుంది గనుక ఎనిమిది వందల ఏళ్ళ ఇంజినీరింగ్ వారసత్వం మన హాల్లో చెక్కుచెదరకుండా కొనసాగుతున్నట్టే లెక్క. ఒక్క విషయంలో మాత్రం మనం కాకతీయులను మించిపోయాము. ఆ గుడికి కట్టించిన సేనాని పేరు కాక చెక్కిన శిల్పి రామప్ప పేరు నిలిచిందని చెబుతారు. మన గుడికి కట్టించిన టీచరు పేరూ కట్టిన తండ్రి పేరూ కాక నిద్రపోయినవాడి పేరు నిలుస్తుంది. పొద్దున లేచి అట్ట మీద స్కెచ్ పెన్నుతో తన పేరు, రోల్ నంబరు రాయడం అతడి వంతు. అదీ వంకరగా రాస్తాడని కొన్ని ఇళ్ళలో తల్లే రాస్తుంది. అసలు రామప్పకు యునెస్కో గుర్తింపు 2021లో వచ్చింది. మనం అంత దూరం అడగడం లేదు, చెన్నై చాలు.

ఇక వ్యర్థాల నుంచి అద్భుతాలు అనే విభాగం ఉన్నది. బడులవారు దీనిని బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్ అని పిలుస్తారు. పారేసే వస్తువులతో పనికొచ్చే వస్తువును చేసి పిల్లలలో పర్యావరణ స్పృహ పెంచడం దీని ఉద్దేశం. ఇందులో ఉన్న ఏకైక చిక్కు ఏమిటంటే మన ఇళ్ళలో పారేసే వస్తువులు దొరకవు. నాయనమ్మ ఉన్న ఇంట్లో కాలిన బల్బు తప్ప అన్నీ ఇంకా వాడుకలోనే ఉంటాయి. హార్లిక్స్ సీసాలో కందిపప్పు ఉంటుంది, బిస్కెట్ డబ్బాలో సూదీ దారం, పాత చీర బొంతలో, చిరిగిన బనియను బండి తుడిచే గుడ్డలో. అందుచేత వ్యర్థాన్ని ముందుగా కొనవలసి వస్తుంది. రెండు లీటర్ల కూల్ డ్రింకు కొని, ఖాళీ సీసా కావాలి గనుక ఇంటిల్లిపాదీ ఆ రాత్రికి రాత్రే తాగి, ఆ సీసాను నడిమికి కోసి, రంగు డబ్బా కొని పూసి, మనీప్లాంట్ తెచ్చి పెట్టి, పర్యావరణాన్ని కాపాడతారు. వాడి పారేసిన స్ట్రాలతో పూలగుత్తి చేయాలంటే కొత్త స్ట్రాల పాకెట్ తప్పనిసరి, వాడినవి చూడడానికి బాగుండవు.

ప్లాస్టిక్ నిషేధం మీద చేసే నమూనాలను ఈ విభాగానికే మకుటం అనవచ్చు. దేశంలో 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలనూ అలంకరణకు వాడే థర్మాకోల్‌నూ నిషేధించారు. ఆ నిషేధం ఎందుకు అవసరమో వివరించడానికి థర్మాకోల్ షీటు మీద థర్మాకోల్ భూగోళాన్ని నిలిపి, చుట్టూ ప్లాస్టిక్ చెట్లు నాటి, స్ట్రాతో జెండా కట్టి, ‘భూమాతను కాపాడండి’ అని థర్మాకోల్ అక్షరాలు అంటించిన నమూనా కన్నా ఒప్పించే సాధనం మరొకటి ఉండదు. న్యాయనిర్ణేతలు ఏటా దానికే బహుమతి ఇస్తారు.

తినుబండారాల సంగతి చూద్దాము. 2020లో లాక్‌డౌన్ నాడు ఇంటింటికీ పాకిన బిస్కెట్ కేకు ఈ రంగంలో తొలి మైలురాయి. బిస్కెట్లు, పాలు, ఒక ఈనో పొట్లం, ఈ మూడే చాలు అని వీడియోలో చెబుతారు. ఆ మూడింటితో పాటు మిక్సీ, కేకు గిన్నె, వెన్న కాగితం, కుక్కర్ అడుగున పోయడానికి కిలో ఉప్పు, పైన చల్లడానికి రంగు మిఠాయి పలుకులు, ముక్క కోసే దృశ్యాన్ని తీయడానికి రెండో సెల్‌ఫోనూ ఉంటే నిజంగానే మూడే చాలు. విజిల్, రబ్బరు తీసి కుక్కర్‌ను సన్నని మంట మీద పెడతారు. కేకు పొంగుతుంది లేదా పొంగదు, అది ప్రధానం కాదు. మర్నాడు పొద్దున పప్పు పెట్టబోతే కుక్కర్ రబ్బరు కనిపించదు, అడుగున ఉప్పు చేసిన మచ్చలు కనిపిస్తాయి, నాయనమ్మ మాటలు వినిపిస్తాయి. తినిపించవలసిన పిల్లవాడు కేకు మీది రంగు పలుకులను గిల్లుకొని తిని, మిగతాది నాన్న ఆఫీసుకు తీసుకుపోవచ్చునని ఔదార్యం చూపిస్తాడు.

దీనికి ఎదురుగా, సంక్రాంతికి మన ఇళ్ళలో చేసే సకినాలను సృజన కింద లెక్కించాలని కొందరు పాతకాలంవారు వాదిస్తున్నారు. ఈ వాదనను సహనంతో పరిశీలించి తిరస్కరించవలసి ఉన్నది. ముందురోజు బియ్యం నానబోయాలి, వడగట్టి నీడకు ఆరబెట్టి, తడి పూర్తిగా పోకముందే పిండి పట్టించాలి, అందులో నువ్వులు, వాము, ఉప్పు వేసి కలపాలి. ఆ తర్వాత ఉతికిన బట్ట పరిచి, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చుట్టూ కూర్చొని, బొటనవేలూ రెండు వేళ్ళ నడుమ పిండిని మెలిపెడుతూ, చెయ్యి ఆపకుండా చుట్టు మీద చుట్టు తిప్పుతారు. ఎక్కడా అచ్చు లేదు, కొలత లేదు, స్కేలు లేదు. పిండి పాళం తప్పితే నూనెలో సకినం పేలి మీద పడుతుంది. దీనిని ‘సులువుగా పది నిమిషాలలో’ అనే శీర్షిక కింద పెట్టడం ఏ విధంగానూ సాధ్యం కాదు.

అంతకన్నా తీవ్రమైన లోపం పిల్లల విషయంలో ఉన్నది. ఆ బట్ట అంచున కూర్చున్న ఆరేళ్ళ పిల్లకు అమ్మమ్మ ఏ ఆలోచనా లేకుండా ఇంత పిండి ముద్ద ఇచ్చి, “నువ్వు గూడ చుట్టు బిడ్డా” అంటుంది. ఆ పిల్ల ఒక చోట లావుగా, ఒక చోట సన్నగా, ఆఖరికి కొస కలవకుండా వానపాము వంటి దాన్ని ఒకటి చుడుతుంది. దానిని సరిచేయకుండా, తీసి పారేయకుండా, మిగతా సకినాలతో పాటే నూనెలో వేస్తారు. అది ఒక కొసన మాడి, ఒక కొసన తెల్లగా తేలుతుంది. ఆ పిల్ల దాన్ని వేడివేడిగా ఊదుకుంటూ తింటూ, ఇది నేను చేసిన అని వాడంతా తిరిగి చూపిస్తుంది. నాణ్యతా ప్రమాణాల పట్ల ఇంత నిర్లక్ష్యం ఉన్న చోట ఫొటో తీయదగిన వస్తువు ఎట్లా వస్తుంది?

బతుకమ్మ విషయంలోనూ ఇదే పరిస్థితి. పెత్రమాస (భాద్రపద అమావాస్య) ముందు నుంచే పిల్లలు సంచులు పట్టుకొని చెరువు గట్ల మీదికీ చేన్ల ఒడ్లకూ వెళ్ళి తంగేడు, గునుగు తెంపుకొస్తారు. చేతులు గీరుకుపోతాయి, బట్టలకు పల్లేరు కాయలు అంటుకుంటాయి. గునుగు పూల కొసలు సమానంగా కత్తిరించి, కట్టలు కట్టి, రంగు నీళ్ళలో ముంచి ఆరబెట్టే పనిని కూడా పెద్దలు నిర్భయంగా వాళ్ళకే అప్పగిస్తారు. వారం దాకా ఆ వేళ్ళకు గులాబీ రంగు పోదు. తాంబాళంలో వరుస మీద వరుస పేర్చి, నడుమ ఆకులు కూరి, పైన పసుపు గౌరమ్మను పెడితే పిల్లల భుజాల ఎత్తు వస్తుంది. ఇంత శ్రమ చేసిన తర్వాత ఏం చేస్తారు? బతుకమ్మను ఆడి, ఆ సాయంత్రమే తీసుకుపోయి పద్మాక్షి గుట్ట దగ్గర గుండంలోనో భద్రకాళి చెరువులోనో వదిలేస్తారు. సర్టిఫికెట్ లేదు, గ్రేడు లేదు, షోకేసులో పెట్టుకోవడానికి ఒక్క పువ్వు మిగలదు. 2014లో రాష్ట్ర పండుగ హోదా వచ్చిన తర్వాత కూడా ఈ పద్ధతి మారలేదు. ప్రాజెక్టు పని కింద పేపరు కప్పులతో బతుకమ్మను చేయించే బడులు మాత్రం ఈ నష్టాన్ని కొంత పూడ్చుతున్నాయి. పేపరు కప్పుల బతుకమ్మ చెరువులో కరగదు, తంగేడు పూల కోసం పిల్లలు ఎండలో తిరగనక్కరలేదు, తల్లి ఒక్కతే కూర్చొని చేసేయవచ్చు.

కనుక ప్రభుత్వం ఆలస్యం చేయకుండా సృజనాత్మక తల్లిదండ్రుల రంగాన్ని కుటీర పరిశ్రమగా ప్రకటించాలి. గ్లూ గన్‌తో కాలిన వేళ్ళకు పరిహారం, ఆదివారం రాత్రి పనికి రెట్టింపు కూలి, సోమవారం ఆఫీసులో కునికిపాట్లు పడడానికి అధికారిక అనుమతి ఇవ్వాలి. ఆస్కారం ఉంటే, రామప్పకు పట్టిన గడువులో పదో వంతు మనకూ ఇవ్వాలి. నాలుగో తరగతిలో ఇచ్చిన ప్రాజెక్టును ఎనిమిదో తరగతిలో అప్పగించవచ్చు, అప్పటికి పిల్లవాడే చేసుకుంటాడన్న ప్రమాదం ఉన్నప్పటికీ.

ఇవన్నీ ఒక ఎత్తు, నిల్వ సమస్య ఒక ఎత్తు. ప్రదర్శన ముగిశాక నమూనాలను ఇంటికి తీసుకుపొమ్మని బడి నుంచి వాట్సాప్ వస్తుంది. రెండేళ్ళు సజ్జ మీద దుమ్ము పట్టిన తర్వాత, దసరా దులుపుడులో ఆ గుడి బయటికి వస్తుంది. ప్రాకారం గోడ బిస్కెట్లది, శిఖరం థర్మాకోల్‌ది, స్తంభాలు కర్రవి, నంది మైదాపిండిది, అన్నిటినీ కలిపి పట్టుకున్నది గ్లూ. పొద్దున వచ్చిన చెత్త ఆటోలో పనిచేసే అమ్మ దానిని రెండు చేతులతో అందుకొని, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, “సారూ, ఇది తడి చెత్తల ఎయ్యాల్నా, పొడి చెత్తల ఎయ్యాల్నా?” అని అడుగుతుంది. దీనికి జవాబు చెప్పగలిగిన అధికారి గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్‌లో ఎవరైనా ఉంటే ముందుకు రావలసిందిగా కోరుతున్నాము, వెనుక ఇంకో మూడు గుళ్ళూ ఒక భూగోళమూ ఉన్నాయి.