బరువెంతో అడగలేదు, కులం అడిగారు

ఆసుపత్రి కౌంటర్లో అడిగే ప్రశ్నలన్నీ రికార్డు కోసమేనని ఒక వ్యాసంలో చదివాను. కొన్ని అవునేమో. మాకు ఎదురైనవి మాత్రం వేరు.

మా చిన్నదానికి రెండేళ్లప్పుడు, ఒక రాత్రి జ్వరంలో ఫిట్స్ వచ్చింది. కళ్లు తేలేసింది. ఆటోలో ప్రైవేటు ఆసుపత్రికి పరుగెత్తాం. క్యాజువాలిటీ ముందున్నాయన తలెత్తకుండానే మొదలుపెట్టాడు. తండ్రేం చేస్తారు, సొంతిల్లా అద్దిల్లా, "మీరేమిట్లు?" (కులమన్నమాట). మావారు దుబాయ్‌లో ఉన్నారంటే, "మరి ఈయనెవరు?" అన్నాడు. మా అన్నయ్యండీ బాబూ! పిల్లేమో నా చేతుల్లో కొట్టుకుంటోంది.

ఫిట్స్ మొదలై ఎంతసేపైంది, బరువెంత, ఏ మందైనా పడదా? ఇవి ఒక్కటీ అడగలేదు. ఐదు నిమిషాలు దాటితే ఆపడానికి మందు వేయాలి, ఆ మోతాదు బరువును బట్టే ఉంటుంది. లోపల నర్సమ్మ ఆ మూడూ గబగబా అడిగి ముక్కులో స్ప్రే కొట్టింది. తర్వాత డాక్టరుగారు "మేనరికమా?" అంటే నాకు ఒళ్లు మండింది గానీ, కొన్ని జబ్బులు దగ్గరి సంబంధాల్లో ఎక్కువట, అది అడగాల్సిందేనట. సరే, ఒప్పుకుంటాను.

ముందు ప్రాణం, తర్వాతే లాంఛనాలు అని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది రోడ్డు ప్రమాదం కేసనుకోండి, పసిపిల్లకి వర్తించదా?

డిశ్చార్జి రోజు చూస్తే, కౌంటర్లో నింపిన కాగితంలో బరువు గడి ఖాళీ. సొంతిల్లు దగ్గర టిక్కు పెట్టారు. మాది అద్దిల్లు.