దుగ్గిరాల లాకుల దగ్గర అధ్యయనం

కాలువలో పడవల్ని పల్లం నుంచి మెరకకు దాటించే దుగ్గిరాల లాకుల మీదికి మొన్న ఒక అధ్యయన బృందం దిగింది. కార్లు గట్టున ఆగాయి. నీళ్ల సీసాలు, బొకేలు, డ్రోను కుర్రాడు అన్నీ వచ్చాయి. రానిదల్లా పడవ.

బృందానికి పని లేదని కాదు. జాతీయ జలమార్గం-4ను 2008లో ప్రకటించినప్పుడు దాని పొడవు 1,078 కిలోమీటర్లు. 2016 చట్టంతో అది 2,890 అయింది. మన కొమ్మమూరు కాలువా అందులోదే. ఒకప్పుడు బెజవాడలో ఎక్కించిన సరుకు ఇటుగా పెదగంజాం దాటి, బకింగ్‌హామ్ కాలువలో పడి మద్రాసు చేరేది. ఇప్పుడు ఆ దారిలో నిరాటంకంగా సాగుతున్నది గుర్రపుడెక్క ఒక్కటే.

పెద్దసారు లాకులు చూసుకునే లస్కరును పిలిచారు.

"ఏమయ్యా, పడవను పైకెత్తే మోటారెక్కడ?"

"మోటారుండదండీ. పడవ లోపలికొచ్చాక కింది తలుపులు మూసేవాళ్లు. పైనున్న తూము లేపితే నీళ్లొచ్చి పడవ దానంతటదే లేచేదండీ. పైకాలవతో సమానమయ్యాక పై తలుపులు తీసేవాళ్లు."

"కరెంటు?"

"ఎందుకండీ?"

పెద్దసారు ముఖం మాడిపోయింది. కరెంటు లేదు, మోటారు లేదు. ఇక టెండరు దేనికి పిలవాలి? పక్కనున్న కన్సల్టెంటు ఆదుకున్నాడు. తూముకు సెన్సరు పెడదామన్నాడు. పడవ బుకింగుకు యాప్ అన్నాడు. పడవవాడి వేలిముద్ర తీసుకుంటే పారదర్శకత కూడా వస్తుందన్నాడు. పడవవాడు ఎక్కడున్నాడని లస్కరు అడగబోయాడు గానీ, అప్పటికే అతన్ని ఫొటోలోంచి పక్కకు జరగమన్నారు. ఇలాంటివి క్షుణ్ణంగా పరిశీలించాలంటే లాకులకు పేరుమోసిన పనామా కాలువకు వెళ్లక తప్పదని అందరూ ఏకాభిప్రాయానికి వచ్చి, ఖాళీ సీసాలు కాలువలో పడేసి భోజనానికి కదిలారు.

ఈ నీటి మీద పడవలు బొత్తిగా రాలేదంటే అబద్ధమవుతుంది. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద కొన్నింటిని స్వయంగా మోసుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లకు గుద్దించింది. గేట్లకు సమతూకంగా ఉండే కౌంటర్ వెయిట్లు విరిగాయి. ఆ పడవల్ని అడ్డం తీయడానికి పడ్డ తిప్పలు బెజవాడంతా చూసింది.

అదే వారం బుడమేరు వాగు బెజవాడ సింగ్‌నగర్‌ను ముంచేసింది. పసిపిల్లల్ని ఎత్తుకుని, ముసలాళ్లను పట్టుకుని జనం డాబాలెక్కి పడవ కోసం అరిచారు. పాలప్యాకెట్టు కోసం, మంచినీళ్ల కోసం మెడలోతు నీళ్లలో నడిచారు. గెజిట్లో ఇన్ని వేల కిలోమీటర్ల జలమార్గం రాసుకున్న దేశంలో, కృష్ణ ఒడ్డునున్న ఊళ్లో, వీధి చివరికి ఒక పడవ సమయానికి రాలేదు! సిగ్గనిపించడం లేదా? కాలువల్లో చెత్త పోసేది మనం, పూడిక తీయనిది మీరు, మునిగేది మాత్రం ఎప్పుడూ ఆ వీధులే.

పనామా వెళ్లి రండి సార్, కాదనం. వెళ్లేముందు లస్కర్ల ఖాళీలు నింపండి. ఆ గుర్రపుడెక్క తీయించండి. లాకులకు రంగులు తర్వాత వేసుకోవచ్చు.