డాబా మీద సోలార్ సరే, వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ సంగతేంటి?

మొన్న మిట్టమధ్యాహ్నం ఎండ మాడ్చేస్తుంటే, మా డాబా మీది 3 కిలోవాట్ల సోలార్ ఆగిపోయింది. సోలార్ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ మీద ఎర్ర లైటు. వోల్టేజీ చూస్తే 254. కాసేపటికి దానంతటదే మొదలై, మళ్లీ ఆగింది.

ఇన్వర్టర్ పాడవలేదు. 230 వోల్టుల లైన్‌లో వోల్టేజీ 10 శాతం పెరిగి 253 దాటితే రెండు సెకన్లలో ఆగిపోవాలని 2013 నాటి కేంద్ర నిబంధనే ఉంది. మరి ఎందుకు పెరిగింది? మా వీధిలో చాలా ఇళ్ల మీద సోలార్ వచ్చేసింది. మధ్యాహ్నం సగం ఇళ్లకు తాళాలే. వాడకం లేని కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ వైపు ఎదురు నడుస్తుంది. అలా వెళ్లాలంటే ఇంటి దగ్గర వోల్టేజీ అక్కడికంటే ఎక్కువ ఉండాలి. తీగ సన్నదై, ఇల్లు వీధి చివర ఉంటే మరీ ఎక్కువ. పైగా సాయంత్రం ఏసీలు వేసినప్పుడు చివరి ఇంటికి లో వోల్టేజీ రాకూడదని ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్, అంటే అది ఇచ్చే వోల్టేజీని పెంచి తగ్గించే మీట, కాస్త పైకి పెడతారు. రాత్రి ఆదుకునే ఆ ట్యాపే పగలు మా కొంప ముంచుతోంది. దాన్ని మార్చాలంటే సరఫరా ఆపి, చేత్తో తిప్పాలి. రోజుకు రెండుసార్లు ఎవరు తిప్పుతారు?

ఫేజుల గొడవ ఇంకోటి. వీధి లైన్‌లో కరెంటు మోసే తీగలు మూడు, ఒక్కోటి ఒక ఫేజు. చిన్న ఇన్వర్టర్లు చాలావరకు సింగిల్ ఫేజువే. అన్నీ ఒకే ఫేజు మీద పడితే ఆ ఫేజులో వోల్టేజీ ఇంకా ఎగబాకుతుంది. ఇందులో లైన్‌మన్‌ను తప్పుపట్టను. ఏ ఇల్లు ఏ ఫేజు మీదుందో రాసిచ్చిన కాగితం అతని చేతిలో ఉంటే కదా!

ఇళ్ల మీద సోలార్‌కు రాయితీ ఇచ్చే కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ 2024 ఫిబ్రవరిలో మొదలైంది, లక్ష్యం కోటి ఇళ్లు. 3 కిలోవాట్లకు రాయితీ 78 వేల రూపాయలు. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు 2 కిలోవాట్లు ఉచితమని ఆంధ్రప్రదేశ్ ప్రకటించింది. చాలా మంచి పని. కానీ 63 కేవీఏ, అంటే మహా అయితే 63 కిలోవాట్లు మోసే ట్రాన్స్‌ఫార్మర్ కింద 40 ఇళ్లున్న కాలనీలో అందరికీ పెడితే 80 కిలోవాట్లు. ఆ లెక్క ముందే వేసుకోవాలి. ఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎంత సోలార్ కలిసిందో, ఇంకెంత పడుతుందో జనానికి తెలియాలి. పగటి యూనిట్ చవగ్గా ఇవ్వాలి. ఇచ్చిన కరెంటును, వాడిన కరెంటును లెక్కగట్టే నెట్ మీటర్‌లో పగలు ఇచ్చిన యూనిట్‌కు రాత్రి యూనిట్ సరిపోతున్నంత కాలం, మోటారు ఎప్పుడు వేసినా ఒకటే అనుకుంటారు.

మేం మాత్రం ఇప్పుడు ట్యాంకు మోటారు పొద్దున్నే కాకుండా పన్నెండున్నరకు వేస్తున్నాం. వోల్టేజీ రెండు మూడు దిగుతుంది, ఇన్వర్టర్ నడుస్తుంది. మోటారు కట్టేశామా, మళ్లీ ఎర్ర లైటే.