లీగు సంబంధం

మా చెల్లెలి పెళ్లికి మా నాన్నగారు పదకొండు సంబంధాలు చూసి పన్నెండోది ఖాయం చేశారు. ఆ పన్నెండింటికీ కలిపి ఆయన చేసిన విచారణ, మా అమ్మాయికి ఒక ఫుట్‌బాల్ లీగు కుదర్చడానికి నేను చేసిన విచారణలో సగం కూడా ఉండదు. ఈ మాట మా కార్యాలయంలో చెప్పినప్పుడు పక్క సీటు ఆయన ఫైలు మూసి, "లీగంటే ఏంది సార్, నీట్‌కి ముందు రాసేదా?" అని అడిగారు. ఆయన తప్పేమీ లేదు. చుట్టుపక్కల జిల్లాల పిల్లలు హాస్టళ్లలో ఉండి ర్యాంకుల కోసం చదువుకునే నెల్లూరులో, పన్నెండేళ్ల ఆడపిల్ల పోటీకి సిద్ధమవుతోందంటే అది కాగితం మీద రాసే పోటీయేనని ఎవరైనా అనుకుంటారు.

ఈ పిచ్చి మా ఇంట్లోకి 2022 అక్టోబరులో టీవీ ద్వారా ప్రవేశించింది. పదిహేడేళ్ల లోపు బాలికల ప్రపంచకప్ ఆ ఏడాది మన దేశంలోనే జరిగింది. భువనేశ్వర్‌లో మన పిల్లలు అమెరికాతో తలపడి ఎనిమిది గోళ్లు సమర్పించుకున్నారు. ఈ సంగతి చెప్పగానే మా అమ్మ కంగారుపడి, "ఎనిమిది గోళ్లా! పాపం, చేతివా, కాలివా?" అని అడిగింది. తరువాత మొరాకో మూడు, బ్రెజిల్ అయిదు వేశాయి. మనవాళ్లు మాత్రం ఒక్కటీ వేయలేదు. ఆ పదహారూ కళ్లారా చూసిన ఎనిమిదేళ్ల పిల్లకు ఆట మీద విరక్తి కలగాలి. మా అమ్మాయి మాత్రం, "మనవైపు ఒకరు తక్కువయ్యారు నాన్నా, నేనుంటే సరిపోయేది" అని తీర్మానించి, మరునాటి నుంచి మేడ మీద నీళ్ల ట్యాంకుకు గురిపెట్టి బంతి తన్నడం మొదలుపెట్టింది. ట్యాంకు మూత మూడోసారి మార్చిన తరువాత, పిల్లను పద్ధతిగా ఒక లీగులో చేర్పించడమే చవక అని మా ఆవిడ తేల్చింది.

మొదటి చిక్కు వయసు దగ్గరే వచ్చింది. లీగుల్లో పదమూడేళ్ల లోపు, పదిహేనేళ్ల లోపు అని వర్గాలుంటే, బడిపిల్లల క్రీడల్లో పద్నాలుగేళ్ల లోపు, పదిహేడేళ్ల లోపు అని ఉంటాయి. ఒకే పిల్ల ఆదివారం ఒక వయసుతోను, సోమవారం మరో వయసుతోను ఆడవలసి వస్తుందన్నమాట. వయసును జనవరి 1 నుంచి లెక్కగడతారు కనుక జనవరిలో పుట్టిన పిల్లకూ డిసెంబరులో పుట్టిన పిల్లకూ దాదాపు ఏడాది తేడా ఉన్నా ఇద్దరూ ఒకే వరుసలో నిలబడతారు. ఎంపికలప్పుడు ఏడాది మొదట్లో పుట్టిన పిల్లలే ఎక్కువగా నెగ్గుతారని, ప్రతిభ కంటే ఆ కొన్ని నెలల ఎముక బలమే అందుకు కారణమని చాలా దేశాల్లో గమనించారట. మా అమ్మాయి పుట్టినరోజు డిసెంబరు 29. ఈ సంగతి నోటుపుస్తకంలో రాసుకుంటూ నేను నిట్టూర్చి, "ఇంకో మూడు రోజులు ఆగి ఉంటే ఎంత బాగుండేదో" అన్నాను. వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. "ఆగేదాన్నే. నొప్పులు పడేటప్పుడు మీరు చెప్పలేదు మరి" అని లోపలినుంచి సమాధానం వచ్చింది. ఆ పూట నేను ఇంకే నిబంధనా చదవలేదు.

నోటుపుస్తకంలో మొదటి వరుస చెన్నైలోని ఒక లీగుది. పేరులోనే 'ఎలైట్' అన్న మాట ఉంది కనుక నాకు చూడగానే గౌరవం కలిగింది. ఫోను చేసి, జూనియర్ కాలేజీ వాళ్లను అడిగే అలవాటు కొద్దీ, "పోయినేడాది మీ దగ్గర ఎంతమంది సెలెక్టయ్యారు సార్? రిజల్టు ఎంత శాతం?" అని అడిగాను. అవతలి కోచ్ కాసేపు మౌనం వహించి, "ఇది ట్యుటోరియల్ ఇల్లే సార్" అని అరవంలో కాదన్నాడు. జట్టులో ఇరవై మంది ఉంటారని, మైదానంలో పదకొండు మందే ఆడతారని, కొత్తగా వచ్చిన పిల్లకు మొదట్లో మ్యాచికి పన్నెండు నిమిషాలు దొరికితే గొప్పేనని ఆయన నిజాయితీగానే చెప్పాడు. మిగిలిన సమయం బెంచీ మీద కూర్చున్నా ఎలైట్ బెంచీయే కదా అని నేను సరిపెట్టుకుని ఆ వరుసకు పదికి తొమ్మిది మార్కులు వేశాను.

రెండో వరుస అనంతపురానిది. అక్కడ రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వారి క్రీడాగ్రామంలో పల్లెల ఆడపిల్లలు కూడా ఫుట్‌బాల్ ఆడతారని విని ఉన్నాను. "పిల్లను అంత దూరం పంపేది లేదు" అని మా ఆవిడ చదవకుండానే కొట్టివేసినందువల్ల ఆ వరుస మీద పెన్ను ఎక్కువసేపు నిలవలేదు.

మూడోది మా ఊరి లీగు. తొమ్మిదేసి మంది ఆడే చిన్న మైదానం, జట్టుకు పన్నెండు మంది పిల్లలు, ఆదివారం పొద్దున్నే ఆట, ప్రతి పిల్లా కనీసం సగం ఆటైనా ఆడి తీరాలన్న నియమం, ఏడాదికి పదిహేను వందల రూపాయల రుసుము. ఆ రుసుము చూడగానే నాకు అనుమానం వచ్చి నాలుగు మార్కులకే ఆపాను. తక్కువలో వచ్చేది మంచిది కాదేమోనన్న శంక మా తరం తల్లిదండ్రులకు కాలేజీ ఫీజులు నేర్పిన చదువు.

ఈ పట్టిక పట్టుకుని నేను ఇంట్లో పంచాయితీ పెట్టాను. కావలి నుంచి వచ్చి ఉన్న మా మామగారు చెన్నై మాట వినగానే మండిపడ్డారు. "ఏంది అల్లుడూ, బంతాట నేర్చుకునేదానికి మనం అరవదేశం పోవాల్నా? 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనకు నాలుగో స్థానం, 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం. రెండుసార్లూ కోచ్ ఎవరు? మన హైదరాబాద్ రహీం సాయిబు గదా!" అన్నారు. రహీం సాహెబు 1963లోనే కన్నుమూశారని, ఇప్పుడు మా అమ్మాయికి నేర్పడానికి ఆయన రాలేరని నేను మనవి చేసుకున్నాను. అంతవరకు జామకాయ కొరుకుతూ కూర్చున్న మా అమ్మాయి మూడు వరుసలనూ చూసి, "ఏ లీగులో ఎంతసేపు ఆడనిస్తారు నాన్నా?" అని అడిగింది. రుసుము, దూరం, పేరు, యూనిఫారం, వసతి, కోచ్ లైసెన్సు అని నేను గీసిన ఏడెనిమిది గడుల్లో ఆ ప్రశ్నకు గడి లేదు. అప్పటికప్పుడు అంచులో ఒకటి గీసి లెక్క వేశాను. గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ దాటుకుని చెన్నైకి రానూ పోనూ 350 కిలోమీటర్లు, ఆట పన్నెండు నిమిషాలు. అంటే ఆట నిమిషానికి 29 కిలోమీటర్లు పడుతోంది. మూడో వరుసలో చెన్నై మార్కులు వేసి, చెన్నై వరుసకు నాలుగు మార్కులు పంపి నోటుపుస్తకం మూశాను.

ట్రయల్స్ అంటే పెళ్లిచూపులే కనుక ముందురోజు ట్రంకు రోడ్డుకు వెళ్లి బంతి, బూట్లు కొన్నాను. పన్నెండేళ్ల వరకు నాలుగో సైజు బంతి చాలని, అయిదో సైజు పెద్దవాళ్లదని కొట్టు అబ్బాయి చెబుతున్నా, ఎదిగే పిల్ల కదా అని అయిదో సైజే తీసుకున్నాను. అదే న్యాయంతో బూట్లు కూడా రెండు సైజులు పెద్దవి కొన్నాను. మన ఇళ్లలో పిల్లలకు గౌను గానీ చెప్పులు గానీ ఆ ఏడాదికి మాత్రమే సరిపోయేలా కొన్న దాఖలాలు లేవు. బొటనవేలి ముందు మిగిలిన ఖాళీలో మా ఆవిడ దూది కుక్కింది.

మైదానంలో ఇచ్చిన కాగితంలో 'ఆడే స్థానం' అని ఉన్న చోట నేను 'తరగతిలో మూడో స్థానం' అని రాసిన సంగతిని ఆ కోచ్ ఇంకా మరిచిపోలేదు. కానీ ఆ రోజు అసలు కథ పదో నిమిషంలో జరిగింది. బంతి మా అమ్మాయి కాలి దగ్గరికి వచ్చి ఆగింది. ఎదురుగా గోలు, మధ్యలో గోల్‌కీపరు పిల్ల తప్ప ఎవరూ లేరు. మా పిల్ల కుడికాలు వెనక్కి లాగి బలంగా విసిరింది. కాలు బంతికి తగలలేదు గానీ బూటు కాలిని వదిలిపెట్టింది. బూరుగుకాయ పగిలినట్టు దూది విరజిమ్ముకుంటూ అది గాలిలో రెండు పల్టీలు కొట్టింది. ఆ గోల్‌కీపరు పిల్ల ఎంతో ఏకాగ్రతతో ఎగిరి బూటును రెండు చేతులా అందుకుని గుండెకు హత్తుకుంది. పట్టు అంత అందంగా ఉండడం వల్ల మేమందరం చప్పట్లు కూడా కొట్టాము. ఈలోగా బంతి ఉన్నచోటనే ఉంది. మా అమ్మాయి దూది అంటుకున్న మేజోడు కాలితోనే దాన్ని మెల్లగా నెట్టగా, బూటు వదలాలో ఉంచుకోవాలో తేలక నిలబడిన ఆ పిల్ల పక్కనుంచి అది దొర్లుకుంటూ వెళ్లి గోలులో పడింది.

"ఇదేం ఆట సార్? మా బిడ్డ బూటు పట్టుకుంటా ఉంటే మీ బిడ్డ గోలు కొడతాదా?" అని ఆ పిల్ల తండ్రి లేచారు. రాత్రి రెండు గంటల వరకు నిబంధనలు చదివి ఉన్న నాకు ఆ క్షణం కోసమే పుట్టానేమో అనిపించింది. ఆటగాడి బూటు పొరపాటున ఊడిపోతే, బంతి మళ్లీ ఆట బయటికి వెళ్లేలోగా తొడుక్కుంటే చాలునని, ఈలోపల గోలు వేస్తే అది చెల్లుతుందని నాలుగో నిబంధనలో ఉన్నదని గట్టిగా ప్రకటించాను. మా మామగారు కూడా లేచి, "1948లో లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్సు మీద మనోళ్లు చానామంది బూట్లు లేకుండానే ఆడినారు" అన్నారు. "గెలిచినారా?" అని అవతలి ఆయన అడిగారు. "రెండొకట్లతో ఓడినారు" అని మా మామగారు ఒప్పుకోక తప్పలేదు. "మరింకేం!" అని ఆయన కూర్చున్నారు. కోచ్ నవ్వు ఆపుకుని గోలు రాసుకున్నాడు. పిల్ల ఎంపికైంది.

చేరిక పత్రంలో రుసుము, గాయాలు, వాపసు వంటి షరతులన్నీ నేను వేలు పెట్టి చదివాను. కాగితం వెనకవైపున కూడా ఒక షరతు ఉన్నదని ఆదివారం ఉదయం ఆరు గంటలకు తెలిసింది. ప్రతి కుటుంబం నుంచి ఒకరు మైదానంలో ఏదో ఒక సేవ చేయాలట. మా ఆవిడ ముగ్గు చెయ్యి చూసి గీతలు వేసే పని ఆమెకే ఇస్తారనుకుని నేను నిశ్చింతగా ఉన్నాను. "ఆ రోజు రూల్సు బ్రహ్మాండంగా చెప్పినారు గదా సార్" అని కోచ్ నా చేతిలో పసుపు జెండా పెట్టి లైన్‌మన్‌గా నిలబెట్టాడు.

అంతకుముందు వారమే మా అమ్మాయి నాకు భోజనాల బల్ల మీద ఆఫ్‌సైడు నేర్పింది. ఆవకాయ జాడీ గోలు, ఉప్పు డబ్బా గోల్‌కీపరు, చింతగింజలు ఆటగాళ్లు. తన జట్టువారు బంతిని తన్నిన క్షణాన, ఎదుటివారి సగంలో నిలబడి, బంతి కంటేను, ఎదుటి జట్టులో చివరినుంచి రెండోవారి కంటేను గోలు గీతకు దగ్గరగా ఉన్న గింజ ఆఫ్‌సైడులో ఉన్నట్టు. సరిసమానంగా ఉంటే దోషం లేదు. దోషం ఉన్న గింజ ఆటలో వేలు పెడితే జెండా నిటారుగా పైకెత్తాలి. చింతగింజలకు జడలుండవు కనుక బల్ల మీద నాకు ఏ సందేహమూ రాలేదు.

ఆట ఒకటి ఒకటిగా ఉంది. ఇంకా రెండు నిమిషాలు మిగిలి ఉండగా మావైపు నుంచి ఎవరో పిల్ల బంతిని పొడవుగా తన్నింది. మా అమ్మాయి, ఎదుటి జట్టు పిల్ల భుజం భుజం కలిపి పరుగెత్తుతున్నారు. నేను గీత వెంట ఆయాసపడుతూ చూసేసరికి ఎదుటి పిల్ల కంటే ముందుగా నల్లగా ఏదో మెరిసింది. నా ప్రమేయం లేకుండానే చెయ్యి లేచింది. బంతి గోలులో పడింది. మా అమ్మాయి చేతులు చాపి గిర్రున తిరిగింది, రిఫరీ ఊదిన ఈల విని ఆగింది, జెండా కోసం వెతికింది. జెండా కింద నేనున్నాను.

అప్పుడు గమనించాను. రిబ్బను కట్టిన ఆమె జడ పరుగు వేగానికి భుజం మీదుగా ముందుకు వచ్చి వేలాడుతోంది.

దారిలో ఏ.సి. సుబ్బారెడ్డి స్టేడియం కనబడగానే "ఇక్కడ ఎప్పుడు ఆడతాను నాన్నా?" అని ప్రతిసారీ అడిగే పిల్ల, ఆ రోజు స్కూటరు వెనక కూర్చుని రోడ్డు అవతలికి చూసింది. ఇంటికి చేరాక ఒకే ఒక ప్రశ్న అడిగింది: "జడ లెక్కలోకి వస్తుందా?" నేను నిబంధనలు తిరగేశాను. తల, మొండెం, పాదాలు లెక్కలోకి వస్తాయని, చేతులు రావని ఉంది గానీ జడ మాట ఎక్కడా కనిపించలేదు. "జడ తలలో భాగమేమో" అని గొణిగాను. "ఆ జడ వేసింది నేను" అని మా ఆవిడ అంది. మా మామగారు కూడా ఆ పూటకు రహీం సాహెబు ప్రసక్తి తేలేదు.

శనివారం రాత్రి కొరమీను పులుసు వండి ఉంది. మా చేపల పులుసు వండిన పూట కంటే మరునాటికే మామిడికాయ పులుపు పట్టి రుచికి వస్తుంది కనుక నేను పొద్దుటి నుంచి దానిమీదే ప్రాణం పెట్టుకుని ఉన్నాను. నా పళ్లెంలో అన్నం, పులుసు, ఒక మామిడి ముక్క ఉన్నాయి. చేప ముక్కలన్నీ బల్లకు ఆ చివర, ఆవకాయ జాడీ పక్కన, మా అమ్మాయి పళ్లెంలో ఉన్నాయి. ఒక ముక్కైనా మిగిలి ఉండకపోతుందా అని నేను గిన్నె వైపు చెయ్యి చాపగానే, మా ఆవిడ గరిటెను నిటారుగా పైకెత్తింది.